డబుల్ బాస్: వానలకి తీగలు లేచిపోయాయి, స్పీకర్లో పెడితే గుంయ్‌మంటోంది. అమ్మేసి వేరేది కొనాలా?

రాజోలు_మంద్రం

ఏప్రిల్లో ఒక డబుల్ బాస్, అదే ఫిడేలు ఆకారంలో మనిషెత్తు ఉండే వాయిద్యం, కొన్నాను. సెకండ్ హ్యాండ్, ముప్పావు సైజు, మొత్తం ప్లైవుడ్. ఊరొదిలి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర 90 వేలకి వచ్చింది. పదేళ్ళ నుంచి బాస్ గిటార్ వాయిస్తున్నాను. కానీ ఒకసారి చెన్నైలో ఒక కాయిర్ పాడుతుంటే కింద ఒకాయన కమానుతో ఒక్క స్వరాన్ని అలా నిలబెట్టి లాగడం విన్నాను, ఆ రోజు నుంచి మా చర్చిలో పాత కీర్తనలకి అది కావాలని మనసులో పడిపోయింది.

వేసవిలో బాగానే పలికింది. జూలైలో వానలు పట్టేసరికి తీగలు ఫింగర్‌బోర్డ్ (వేళ్ళతో తీగ నొక్కే పలక) మీద నుంచి లేచి కూర్చున్నాయి. అక్టోబరు వచ్చినా దిగలేదు. అరగంట వాయిస్తే మణికట్టు లాగేస్తోంది, వేళ్ళకి బొబ్బలు.

రెండో బాధ, మొన్న ఒక రిసెప్షన్‌లో బ్రిడ్జికి (తీగలని మోస్తూ పై పలక మీద నిలబడే చెక్క) అంటించే పికప్ పెట్టి మిక్సర్‌లోకి ఇచ్చాం. వాల్యూమ్ తక్కువగా ఉంటే డబ్బా మీద కొట్టినట్టు టకటక. కాస్త పెంచితే హాలంతా హోరు. రెండో పాటకే పక్కన పెట్టేసి గిటార్ తీసుకున్నాను.

ఒక మ్యూజిక్ షాపాయన్ని అడిగితే ప్లైవుడ్ కాబట్టి అంతే, అమ్మేసి నిండు చెక్కతో చెక్కినది కొనుక్కో అన్నాడు. నాలుగు లక్షల మాట చెప్పాడు. క్రిస్మస్‌కి రెండు నెలలే ఉంది. మన గోదావరి జిల్లాల్లో ఇది వాయించేవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, అమ్మాలా, బాగు చేయించాలా?

భీమవరం_సౌండ్_బుజ్జి

పికప్ నేరుగా మిక్సర్‌లోకా? మధ్యలో ప్రీయాంప్ (సిగ్నల్‌ని ముందుగా పెంచే పెట్టె) గానీ డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) గానీ ఏమీ లేదా?

రాజోలు_మంద్రం

ఏమీ లేదండి. మామూలు గిటార్ వైరు, ఆరు మీటర్లు. లైన్ ఇన్‌పుట్‌లో పెట్టాం.

భీమవరం_సౌండ్_బుజ్జి

అక్కడే సగం పోయింది. ఇప్పుడు ఉండి ఊళ్ళో ఫంక్షన్ సర్దుతున్నాను, రేపు తీరిగ్గా రాస్తాను. అప్పటిదాకా దాన్ని అమ్మకండి.

గూడెం_గిటారు

బాస్ గిటార్ చేతిలో ఉండగా ఈ కష్టం ఎందుకు తమ్ముడూ? నేనూ మూడేళ్ళు దీని వెంట పడ్డాను. ఆరడుగుల పెట్టెని ప్రతి ఫంక్షన్‌కి ట్రాలీ ఆటోలో మొయ్యడం, వానొస్తే టెన్షన్, ఎండొస్తే టెన్షన్. ఇప్పుడు బాడీ లేని ఎలక్ట్రిక్ అప్‌రైట్ వాడుతున్నాను, తీగ పొడవు డబుల్ బాస్ అంతే, వేళ్ళకి అదే పని, హోరు మాటే లేదు. వెనక సీటు మీద పడుకోబెడితే కారులో పట్టేస్తుంది. నీకు స్టేజి పని ఎక్కువైతే అది ఆలోచించు.

నరసాపురం_లేసు

గూడెం అన్నయ్యా, ఆయన అడిగింది కాయిర్ కోసం. కమానుతో లాగినప్పుడు ఆ పెద్ద పెట్టెలోంచి వచ్చే గాలి ఎలక్ట్రిక్‌లో రాదు కదా. నేను రెండూ వాయించాను కాబట్టి చెబుతున్నాను.

రాజోలు గారూ, నా దగ్గర ఉన్నది షాపాయన చెప్పిన రకమే, పూర్తిగా చెక్కినది. పై పలక స్ప్రూస్, వెనకా పక్కలా మేపుల్. నాదం గురించి మాటల్లేవు. కానీ కొన్న రెండో ఏడాది మే నెలలో రికార్డింగ్ కోసం మూడు రోజులు ఏసీ గదిలో ఉంచాను. వడగాలి రోజులు, అసలే గాలిలో తడి లేదు, పైన ఏసీ. మూడో రోజు టప్పుమని చప్పుడు. పై పలక ఎఫ్ రంధ్రం (ఎఫ్ అక్షరం ఆకారంలో ఉండే రంధ్రం) కింద నుంచి జానెడు పొడవున చీలింది. దాన్ని చెన్నై తీసుకెళ్ళి లోపల చెక్కముక్కలు అతికించి బాగు చేయించడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ వాయించింది అరువు తెచ్చుకున్న ప్లైవుడ్ బాస్ మీదే. మన ఊళ్ళలో రోజూ బయటికి తీసుకెళ్ళేదానికి ప్లైవుడ్‌ని తక్కువగా చూడకండి, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

పూతరేకు_ప్రియుడు

ముప్పావు సైజు అన్నారు కాబట్టి ముప్పావు డబ్బులే ఇవ్వాల్సింది 🙂

అసలు పూర్తి సైజు ఎందుకు కొనలేదండీ? ఎవరి ఎత్తుని బట్టి ఏది తీసుకోవాలి? మా అబ్బాయికి పదిహేనేళ్ళు, వాడూ నేర్చుకుంటానంటున్నాడు.

మంద్రస్థాయి_కాకినాడ

ప్రియుడు గారి ప్రశ్నకి ముందు జవాబు: ముప్పావు అంటే పిల్లల సైజు కాదు. ప్రపంచమంతా పెద్దవాళ్ళు వాయించేది ఎక్కువగా ముప్పావే. నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాడుల ముక్క) నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 104 నుంచి 106 సెంటీమీటర్లు. ఫోర్-ఫోర్ అనే పూర్తి సైజు అరుదు, అందరి చేతులకీ పనికిరాదు. పదిహేనేళ్ళ అబ్బాయి మరీ చిన్నగా ఉంటే తప్ప ముప్పావే తీసుకోండి. కొనేముందు మాత్రం తీగ పొడవు టేపు పెట్టి కొలవండి. పేరుకి ముప్పావు అని ఉండి 109, 110 ఉన్నవి చూశాను, ఆ తేడా ఎడమ చేతికి తెలుస్తుంది.

ఇక రాజోలు తమ్ముడి సంగతి. ఇరవై రెండేళ్ళుగా వాయిస్తున్నాను, ఇప్పటికి ఏడెనిమిది బాస్‌లు నా చేతుల మీదుగా సెటప్ అయ్యాయి. డబుల్ బాస్ షాపులోంచి వచ్చినప్పుడు అది సగం తయారైన వస్తువు. మిగతా సగం సెటప్. బ్రిడ్జి, సౌండ్‌పోస్ట్ (పెట్టె లోపల నిలబడే కర్ర), నట్, ఫింగర్‌బోర్డ్, తీగలు ఈ ఐదూ కుదిరిన ప్లైవుడ్ బాస్, ఇవేవీ కుదరని నాలుగు లక్షల బాస్ కంటే హాయిగా పలుకుతుంది. నువ్వు చెప్పినవన్నీ సెటప్ జబ్బులే.

వానాకాలం తీగలు ఎందుకు లేచాయంటే, గాలిలో తడి పీల్చి చెక్క ఉబ్బుతుంది, పై పలక ఉబ్బి పైకి వస్తుంది, దాని మీద నిలబడిన బ్రిడ్జి కూడా లేస్తుంది. మెడ వెనక్కి వంగే కోణం కూడా కొద్దిగా మారుతుంది. ప్లైవుడ్‌కి ఇది తక్కువే గానీ ఉంటుంది. బయట దేశాల్లో చెక్కిన బాస్‌లకి ఎండాకాలానికొకటి, చలికాలానికొకటి రెండు బ్రిడ్జిలు పెట్టుకునేవాళ్ళున్నారు. మనకి తేలిక దారి బ్రిడ్జి కాళ్ళు కోసి మధ్యలో మరచక్రాలు బిగించడం, అడ్జస్టర్లు అంటాం. రెండు చక్రాలూ సమానంగా తిప్పితే తీగలు దిగుతాయి, వేసవిలో మళ్ళీ ఎత్తుకోవచ్చు. మన డెల్టాలో అడ్జస్టర్లు లేని బాస్ వద్దనే నేను చెబుతాను.

నువ్వు మూడు కొలతలు పంపు. ఫింగర్‌బోర్డ్ చివర తీగకీ బోర్డుకీ మధ్య దూరం, అన్నిటికంటే సన్నని జీ (G) తీగ దగ్గరా, లావు ఈ (E) తీగ దగ్గరా. నట్ దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు దూరుతుందా, ఎన్ని కార్డులు పడతాయి. జీ తీగని రెండు చివరలా బోర్డుకి నొక్కి పట్టుకుంటే మధ్యలో ఎంత సందు ఉంది.

రాజోలు_మంద్రం

కొలిచాను మాస్టారూ. జీ 10 మిల్లీమీటర్లు, ఈ (E) 14. నట్ దగ్గర నాలుగు కార్డులు దూరాయి. మధ్యలో సందు జీ కింద సుమారు 2 మిల్లీమీటర్లు, ఈ (E) కింద ఇంకాస్త ఎక్కువ. బ్రిడ్జికి అడ్జస్టర్లు లేవు. ఇంకో సంగతి, బ్రిడ్జి పైభాగం ఫింగర్‌బోర్డ్ వైపు కొద్దిగా వాలి ఉంది.

మంద్రస్థాయి_కాకినాడ

నాలుగు కార్డులా! ఆ చేత్తో ఆరు నెలలు వాయించావంటే నీ పట్టుదలకి దండం. నట్ దగ్గర ఒక్క కార్డు మందం చాలు. మొదటి పొజిషన్లో నీ మణికట్టు లాగేది వానల వల్ల కాదు, ఆ నట్ వల్ల. అది పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంది, ఎవరూ గాడులు కోయలేదు.

బోర్డు చివర జీ 6, ఈ (E) 9 చుట్టుపక్కల ఉంటే వేళ్ళతో మీటడానికి, కమానుకి రెండింటికీ సరిపోతుంది. కమాను మాత్రమే గట్టిగా లాగే ఆర్కెస్ట్రా వాళ్ళు ఇంకా ఎత్తు పెట్టుకుంటారు. నీ బోర్డు మధ్యలో లోతు ఫర్వాలేదు, దాన్ని ఇప్పుడు ముట్టుకోవద్దు.

వాలిన బ్రిడ్జిని వెంటనే సరిచెయ్యి. శృతి పెంచినప్పుడల్లా తీగలు బ్రిడ్జి తలని బోర్డు వైపు లాగుతాయి. టెయిల్‌పీస్ (తీగల కింది చివరలు బిగించే చెక్క) వైపు ఉన్న ముఖం పై పలకకి నిటారుగా ఉండాలి. అలాగే వదిలేస్తే ఒకరోజు బ్రిడ్జి వంకరైనా పోతుంది, లేదా ధబేలుమని పడుతుంది. ముందు తీగలు కొద్దిగా వదులు చెయ్యి, కొద్దిగానే, తర్వాత రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా వెనక్కి.

పాలకొల్లు_ఫిడేలు

వయొలిన్ నేర్పుతాను, బాస్ కాదు, కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. బాబూ, తీగలన్నీ ఒకేసారి విప్పకండి. ఫిడేలైనా బాస్ అయినా లోపల సౌండ్‌పోస్ట్ జిగురుతో అంటించి ఉండదు, తీగల ఒత్తిడికి పై పలకకీ వెనక పలకకీ మధ్య బిగిసి నిలబడుతుంది. ఒత్తిడి పోతే పడిపోతుంది. పడిపోయాక తెలియక మళ్ళీ తీగలు బిగిస్తే పై పలక కుంగుతుంది. నా శిష్యురాలి ఫిడేలు ఒకటి అలాగే పాడైంది.

ఇంకొకటి, అతుకు ఎక్కడైనా ఊడితే వడ్రంగి షాపులో దొరికే తెల్ల జిగురు పొయ్యనివ్వకండి. ఈ వాయిద్యాలకి తోలు ఉడికించి చేసే జిగురు ఎందుకు వాడతారంటే, తర్వాత వేడీ తడీ తగిలించి విప్పుకోవచ్చు. చెక్క ఎండి కుంచించుకున్నప్పుడు అతుకే ముందు ఊడి పలక చీలకుండా కాపాడుతుంది. తెల్ల జిగురు పెడితే అతుకు ఊడదు, పలకే చీలుతుంది.

నరసాపురం_లేసు

టీచర్ గారూ నూటికి నూరు పాళ్ళు. నా బాస్ చీలడానికి కారణం కూడా అదేనని చెన్నైలో అన్నారు. అంతకుముందు ఎవరో కింద అంచుకి తెల్ల జిగురు దట్టించేశారట.

తాళ్ళరేవు_వడ్రంగి

నేను పడవల పని చేసేవాణ్ణి, మా నాన్న, తాత కూడా అదే పని. డబుల్ బాస్ ఒక్కసారే ముట్టుకున్నాను, కాకినాడ మాస్టారిదే, పక్క అతుకు ఊడితే బిగింపులు పట్టాను. అడ్జస్టర్ల పని నేను చేయగలను. బ్రిడ్జి కాలు నిట్టనిలువుగా రంధ్రం పడాలి, ఒక్క డిగ్రీ తప్పినా చక్రం తిరగదు. డ్రిల్ స్టాండు ఉంది నా దగ్గర.

ఒక అనుమానం. బ్రిడ్జి కొత్తది కావాలంటే పనస చెక్కతో చెయ్యకూడదా? బొబ్బిలి, నూజివీడుల్లో వీణలు పనసతోనే చేస్తారు కదా. మన దగ్గర మంచి ముదురు పనస దొరుకుతుంది.

మంద్రస్థాయి_కాకినాడ

వీణలో పనస కుండకి, మెడకి. తీగల కింద ఉండే గుర్రం మీద అయితే లోహపు రేకు వేస్తారు. బాస్ బ్రిడ్జి తీగ కదలికని పలకకి చేరవేసే వస్తువు, అది గట్టిగా, తేలిగ్గా, పోగు ఒకే తీరుగా ఉండాలి, అందుకే మేపుల్. నేనొకసారి టేకుతో చేయించి చూశాను, నాదం దుప్పటి కప్పినట్టు అయిపోయింది. పనస ఎలా ఉంటుందో నేను వినలేదు కాబట్టి కాదనను.

తాళ్ళరేవు_వడ్రంగి

అయితే ఒకటి చేసి తెస్తాను, మీ బాస్ మీద పెట్టి వినండి. చెక్క నాది, చెవులు మీవి.

భీమవరం_సౌండ్_బుజ్జి

తీరిక దొరికింది, రాస్తున్నాను. కొంచెం పొడుగే.

బ్రిడ్జికి అంటించే ఆ బిళ్ళ పియెజో పికప్. ఒత్తిడి పడితే కరెంటు పుట్టే స్ఫటికం. దానిలోంచి వచ్చే కరెంటు చాలా తక్కువ, అందుకే అది చూసే ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (ఆ కరెంటుకి ఇన్‌పుట్ పెట్టే అడ్డు) ఎక్కువ ఉండాలి. కనీసం 10 లక్షల ఓమ్‌లు, అంటే ఒక మెగా ఓమ్, చాలామంది బాస్ వాళ్ళు కోటి ఓమ్‌లు ఉన్న ప్రీయాంప్ వాడతారు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ పది ఇరవై వేల ఓమ్‌లే. అందులోకి నేరుగా ఇస్తే ముందు పోయేది కింది స్వరాలు. మిగిలేది వేలు తగిలిన టకటక. మీకు వినిపించిన డబ్బా చప్పుడు అదే. ప్లైవుడ్ తప్పు లేదు, పికప్ తప్పు లేదు.

అప్పుడు ఆపరేటర్ ఏం చేస్తాడు? బాస్ లేదు కదా అని కింది స్వరాలు పెంచే లో (Low) నాబ్ మొత్తం తిప్పేస్తాడు. ఇక హోరు ఎందుకు రాదు? డబుల్ బాస్ అంటేనే గాలి నిండిన పెట్టె. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం పలకని ఊపుతుంది, పలక తీగని, పికప్‌ని ఊపుతుంది, అది మళ్ళీ స్పీకర్‌లోకి.

ముందు ప్రీయాంప్ కొనండి, ఇంపిడెన్స్ ఎక్కువున్నది, అందులో హై పాస్ ఫిల్టర్ (మరీ కింది శబ్దాలు కోసేసేది), ఫేజ్ తిప్పే స్విచ్ (సిగ్నల్ అలని తలకిందులు చేసేది) రెండూ ఉండాలి. ఈ రెండు లేనిది వద్దు. ఈ (E) తీగ 41 హెర్ట్జ్, ఏ (A) 55, డీ (D) 73, జీ (G) 98. ఫిల్టర్ 40 దగ్గర మొదలుపెట్టి, హోరు తగ్గేదాకా 60, 70 వరకు జరపండి. ఈ (E) స్వరం పోతుందేమోనని భయపడకండి. ఫంక్షన్ హాల్ స్పీకర్లు చాలావాటిలో 50 కింద పస ఉండదు. అయినా ఈ (E) స్వరం వినిపిస్తుంది ఎందుకంటే 82, 123 దగ్గర దాని హార్మోనిక్స్ (దానితోపాటే పలికే పై స్వరాలు) ఉంటాయి, మిగతాది చెవి పూరించుకుంటుంది. కోసేసింది ఎక్కువగా స్టేజి మీద అడుగుల చప్పుడు, గాలి ఊపు.

తర్వాత ఫేజ్ స్విచ్ అటూ ఇటూ నొక్కి ఎటు హోరు తక్కువో అటు ఉంచండి. హాలు మారితే మళ్ళీ చూసుకోండి.

షామియానా వాళ్ళు బల్లలు కలిపి కట్టే స్టేజి ఒక పెద్ద డప్పు. బాస్ మేకు (అడుగున నేలకి ఆనే ఇనుప ఊచ) నేరుగా దాని మీద దిగితే స్టేజి ఊపంతా పెట్టెలోకే. మేకు కింద మందపాటి రబ్బరు గానీ స్కూటర్ ఫుట్‌మ్యాట్ ముక్క గానీ వెయ్యండి. స్పీకర్‌ని ఎఫ్ రంధ్రాల వైపు చూడనివ్వకండి, పక్కకి జరిపి కుర్చీ మీద ఎత్తుగా పెట్టండి.

గూడెం_గిటారు

బుజ్జీ, బాగా రాశావు. ఈ ఇంపిడెన్స్ గొడవ నాకు మూడేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. నేను పాసివ్ డీఐ (కరెంటు అక్కర్లేని రకం) పెట్టి చూశాను, అప్పుడూ పలచగానే వచ్చింది.

భీమవరం_సౌండ్_బుజ్జి

పాసివ్ డీఐ లక్ష ఓమ్‌ల చుట్టుపక్కలే ఉంటుంది అన్నయ్యా, మిక్సర్ కంటే నయం గానీ పియెజోకి చాలదు. ముందు ప్రీయాంప్, దాని తర్వాత ఏ డీఐ అయినా ఫర్వాలేదు.

మర్చిపోయాను, హమ్ వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ వైరు గ్రౌండ్‌ని విడదీసే స్విచ్) నొక్కండి. అంతేగానీ ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఎర్త్ పిన్ను విరిచి పెట్టడం చెయ్యనివ్వకండి. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్లలో లోహపు తీగలు పట్టుకుని నిలబడేది మీరే.

యానాం_జాజ్

పికప్ రకం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను నాలుగు మార్చాను. బ్రిడ్జి రెక్కల సందులో దూర్చే అండర్‌వుడ్ రకం మీటినప్పుడు స్పష్టంగా ఉంటుంది, కమానుకి గీరుతుంది. బ్రిడ్జి కాలి కింద పెట్టే రియలిస్ట్ రకం గుండ్రంగా, చెక్క వాసన వచ్చినట్టు ఉంటుంది, కానీ గట్టిగా పెంచితే కింది స్వరాలు ముద్దవుతాయి. ఇప్పుడు ఫిష్‌మన్ ఫుల్ సర్కిల్ వాడుతున్నాను, అది అడ్జస్టర్ చక్రంలోనే ఉంటుంది. ఎలాగూ అడ్జస్టర్లు వేయిస్తున్నారు కాబట్టి ఒక చక్రం అదే వేయించుకోండి, ఒక దెబ్బకి రెండు పిట్టలు.

చర్చి కాయిర్‌కి మాత్రం మైక్ మంచిది. బ్రిడ్జి దగ్గర క్లిప్ పెట్టే చిన్న కండెన్సర్ మైక్, మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి. కమాను అందం మైక్‌లోనే వస్తుంది.

భీమవరం_సౌండ్_బుజ్జి

పక్కన డ్రమ్స్ లేకపోతేనే. మా వైపు కాయిర్లలో ప్యాడ్స్, కీబోర్డు, డోలక్ అన్నీ ఉంటాయి, ఆ మైక్‌లో బాస్ కంటే డోలక్ ఎక్కువ వినిపిస్తుంది.

యానాం_జాజ్

అదీ నిజమే. మేం వాయించేది ముగ్గురమే, డ్రమ్స్ బ్రష్‌లతో. రాజోలు గారి చర్చిలో ఏముంటాయో చెప్పాలి.

రాజోలు_మంద్రం

కీబోర్డు, డోలక్, ముప్పై మంది గొంతులు. డ్రమ్స్ లేవు. చర్చి పాతది, పెంకుటిల్లు కప్పు, గోడలు మందం. స్పీకర్ లేకుండానే బాస్ చివరి వరస దాకా వినిపిస్తుంది, కానీ డోలక్ మొదలైతే మునిగిపోతుంది.

మంద్రస్థాయి_కాకినాడ

అయితే చర్చిలో కొద్దిగా ఎత్తిస్తే చాలు, పికప్ ఒక్కటే సరిపోతుంది. మైక్ తర్వాత చూసుకో.

తీగల సంగతి కూడా ఇప్పుడే. నీవి ఏ తీగలో రాయలేదు. చివర్ల దారం రంగు చూస్తే తెలుస్తుంది. స్టీలు తీగల్లో గట్టివి, మెత్తవి ఉంటాయి. స్పైరోకోర్ అనే రకంలో లైట్ గేజ్ (సన్నవి) వేస్తే ఎడమ చేతికి ప్రాణం లేచొస్తుంది, మీటితే స్వరం చాలాసేపు నిలుస్తుంది, కాకపోతే కమానుకి మొదట్లో మొరాయిస్తాయి. కమాను, వేళ్ళు రెండూ సమానంగా కావాలంటే హెలికోర్ హైబ్రిడ్ అనే తీగలు. పేగు తీగల జోలికి మన తడిలో వెళ్ళొద్దు, పూటకో శృతి.

కమాను వెంట్రుకలకి పట్టు కోసం రాసే రోజిన్ కూడా చూసుకో. బాస్ రోజిన్ ఫిడేలు రోజిన్ కంటే మెత్తన. పాప్స్ అనేది చాలా పట్టు ఇస్తుంది గానీ ఎండాకాలం డబ్బాలో పాకంలా కారుతుంది. మనకి గట్టి రకమే మేలు.

పూతరేకు_ప్రియుడు

పాకం అంటే గుర్తొచ్చింది, కోటిపల్లి పంటు మీద ఒకసారి ఒకాయన ఇలాంటి పెట్టెతో ఎక్కాడు. పక్కన పెద్దావిడ "ఇదేంటి బాబూ, ఫిడేలుకి తాతా?" అని అడిగింది. ఆయన పెట్టె తెరిచి రేవు వచ్చేదాకా వాయించాడు. మోటారు సైకిళ్ళ వాళ్ళందరూ ఇంజన్లు ఆపేసి విన్నారు. అది విన్నాకే మా అబ్బాయికి ఈ కోరిక పుట్టింది.

నరసాపురం_లేసు

ఎంత బాగుందండీ ఇది. నదిలో ఆ కింది స్వరాలు ఎలా ఉంటాయో ఊహించుకుంటున్నాను.

ప్రయాణం మాటెత్తారు కాబట్టి, బాస్‌ని ఎండలో ఆటోలో గానీ కారులో గానీ వదిలి భోజనానికి వెళ్ళకండి. మూసిన కారు వేడికి తోలు జిగురు మెత్తబడుతుంది. ఇంట్లో నేల మీద పడుకోబెట్టేటప్పుడు పక్కకి పడుకోబెట్టాలి, బ్రిడ్జి మీద బరువు పడకుండా. గోడకి చేర్చి పెడితే చెదలు చూసుకోవాలి, నా గుడ్డ కవరు కింద అంచు తినేశాయి.

పాలకొల్లు_ఫిడేలు

మెడ పట్టుకుని ఎత్తడం కూడా వద్దు. మెడ పాదం దగ్గర విరిగితే అది పెద్ద ఆపరేషన్.

రాజోలు_మంద్రం

అందరికీ రుణపడి ఉన్నాను. అమ్మడం లేదు, నిర్ణయించేసుకున్నాను. మాస్టారూ, కాకినాడ తీసుకురమ్మంటే ఈ శనివారం వస్తాను. ఎదుర్లంక వారధి మీదుగా వస్తే తాళ్ళరేవు దారిలోనే కాబట్టి అక్కడ ఆగి అడ్జస్టర్ల పని ముందు చేయించనా?

మంద్రస్థాయి_కాకినాడ

వద్దు, ముందు నా దగ్గరికి రా. బ్రిడ్జి ఎంత ఎత్తున కొయ్యాలో గుర్తు పెట్టాక ఆయన కోస్తాడు. ముందే కోస్తే మళ్ళీ అతికించలేం. ఆయన్నే ఇక్కడికి పిలుస్తాను.

తాళ్ళరేవు_వడ్రంగి

స్టాండు వేసుకుని బండి మీద వస్తాను.

రాజోలు_మంద్రం

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి మొదలైతే సాయంత్రం ఆరయింది. నట్ గాడులు ఒక్కొక్క తీగకీ విడిగా, ఒక్క కార్డు మందానికి దించారు. బ్రిడ్జి కాళ్ళు పలక మీద ఆనడం లేదని మాస్టారు కింద కాగితం దూర్చి చూపించారు, జీ వైపు కాలు బయటి అంచు గాల్లో ఉంది. గరుకు కాగితం పలక మీద పరిచి, దాని మీద కాలు రుద్ది రుద్ది, చివరికి కాగితం ఏ మూలా దూరకుండా చేశారు. తర్వాత అడ్జస్టర్లు. వడ్రంగి గారు రంధ్రం వేసేటప్పుడు ముగ్గురం ఊపిరి బిగపట్టాం, నిట్టనిలువుగా దిగింది. ఒక వైపు ఫుల్ సర్కిల్ చక్రం, ఇంకో వైపు మామూలుది.

సౌండ్‌పోస్ట్ జీ వైపు కాలికి మరీ కిందికి, పక్కకి జరిగిపోయి ఉంది. వానకి పలక లేచి వదులై కదిలి ఉంటుందన్నారు. ఎఫ్ రంధ్రంలోంచి ఇనుప కొక్కెంతో తట్టి, కాలి వెనక్కి కొద్ది దూరంలో నిలబెట్టారు. ఒక్కో తట్టుకి నన్ను వాయించమనేవారు. ఐదో తట్టుకో ఆరో తట్టుకో డీ తీగ ఒక్కసారిగా గొంతు విప్పింది. ఆ క్షణం నేను మర్చిపోలేను.

హెలికోర్ హైబ్రిడ్ వేశాం. ఇప్పుడు జీ 6, ఈ (E) 9. గంటన్నర వాయించినా మణికట్టు మాట్లాడడం లేదు.

వడ్రంగి గారి పనస బ్రిడ్జి కూడా మాస్టారి బాస్ మీద పెట్టి విన్నాం. మీటితే ముద్దుగా ఉంది, కమానుకి మాత్రం పైస్వరాలు మూసుకుపోయాయి.

తాళ్ళరేవు_వడ్రంగి

ఇంకా పలచన చేసి రెండోది తయారు చేస్తున్నాను. పోగు ఈసారి అడ్డంగా తీసుకున్నాను.

మంద్రస్థాయి_కాకినాడ

మీటినప్పుడు నిజంగానే బాగుంది, అది నేనూ ఒప్పుకుంటాను. రెండోది తీసుకురండి.

భీమవరం_సౌండ్_బుజ్జి

మరి స్పీకర్ సంగతి?

రాజోలు_మంద్రం

ప్రీయాంప్ వచ్చింది బుజ్జీ. మొన్న ఆదివారం చర్చిలో పెట్టాం. ఫిల్టర్ 55 దగ్గర, ఫేజ్ తిప్పిన వైపు, మేకు కింద రబ్బరు. టకటక పోయింది, హోరు లేదు. కాయిర్లో వెనక వరస మగవాళ్ళు పాట అయ్యాక వచ్చి, ఈ రోజు మా శృతి జారలేదు అన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి.

ఒక్కటే మిగిలింది. డీ తీగ మీద ఏ (A) స్వరం నొక్కినప్పుడు మిగతా వాటికంటే రెట్టింపు ఉబ్బుతోంది.

భీమవరం_సౌండ్_బుజ్జి

అది 110 హెర్ట్జ్. మీ పెట్టె అక్కడే ఎక్కువ ఊగుతోంది. మిక్సర్‌లో పారామెట్రిక్ ఈక్వలైజర్ (ఎంచుకున్న ఒక్క చోటే శబ్దం తగ్గించే నాబ్‌లు) ఉంటే 110 దగ్గర వెడల్పు వీలైనంత సన్నగా పెట్టి 4, 5 డెసిబెల్స్ తగ్గించండి. వెడల్పుగా కోస్తే పక్క స్వరాలూ పోతాయి. ఒక్కొక్క స్వరం మెల్లిగా వాయిస్తూ మీ పక్క మనిషిని తిప్పమనండి.

రాజోలు_మంద్రం

గురువారం ప్రాక్టీస్‌లో చేసి చూస్తాను.

నరసాపురం_లేసు

రాజోలు గారూ, తీసేసిన పాత తీగలు ఏం చేశారు? నా డీ తీగ చుట్టు ఊడిపోతోంది. నేను ఎక్కువగా కమానే లాగుతాను కాబట్టి గట్టివైనా ఫర్వాలేదు.

రాజోలు_మంద్రం

నాలుగూ చుట్టలు చుట్టి దాచాను అమ్మా. శనివారం సఖినేటిపల్లి రేవు నుంచి పది గంటల పంటుకి వస్తాను, అవతలి ఒడ్డున ఇస్తాను. ఒకటొకటిగా మార్చుకోండి, అన్నీ ఒకేసారి విప్పకండి.